మధూకి, ధర ఎందుకు కదులుతుందో

రేయ్ మధూ,

నీ మెసేజ్ చూశాను. లాభం పెరిగిందని కంపెనీ చెప్పినా, టీవీలో కూడా చెప్పినా షేర్ నాలుగు శాతం పడిందని, ఇదేం అన్యాయమని అడిగావు కదా. ఫోన్‌లో చెబితే మధ్యలోనే అడ్డం తగులుతావు, అందుకే రాస్తున్నా.

లాభం పెరుగుతుందని నీకంటే ముందే చాలామంది అనుకున్నారు రా. అనుకుని ఊరుకోలేదు, కొన్నారు. రిజల్ట్స్‌కు ముందు నెల రోజుల చార్ట్ తీసి చూడు, ఆ పెరుగుదలంతా అప్పుడే వచ్చేసి ఉంటుంది. అనుకున్నదానికీ వచ్చినదానికీ ఉన్న తేడాకే ధర కదులుతుంది. 2024 జూన్ గుర్తుందా? లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ చూసి 3వ తేదీ నిఫ్టీ, అంటే యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ, 3 శాతానికి పైగా పెరిగింది, మరుసటి రోజు ఓట్లు లెక్కపెడుతుంటే దాదాపు 6 శాతం పడిపోయింది. కేంద్రంలో ప్రభుత్వం మారలేదు, అదే కూటమి మళ్లీ వచ్చింది. కాకపోతే జనం ముందే ఊహించుకుని ధర పెంచేసినన్ని సీట్లు రాలేదు.

ఇంకో సంగతి. స్క్రీన్ మీద కనిపించే ధర చివరిగా కుదిరిన బేరం, అంతే. తరవాతి షేర్ నీకు అదే ధరకు దొరుకుతుందని లేదు. నువ్వు కొనే ఆ చిన్న కంపెనీనే తీసుకో. 200.10కి వంద షేర్లు, 200.50కి మూడొందలు, 202కి వెయ్యి అమ్మకానికి ఉన్నాయనుకుందాం. వెయ్యి కావాలని మార్కెట్ ఆర్డర్, అంటే ఎంత ధరకు దొరికితే అంతకు కొనేయమని, కొట్టావంటే మొదటి వందా, తరవాతి మూడొందలూ ఊడ్చేసి మిగతా ఆరొందలు 202కి తీసుకుంటావు. సగటున 201.36 పడుతుంది. కంపెనీలో ఏ మార్పూ లేదు, ఏ వార్తా రాలేదు, నీ ఒక్క ఆర్డర్‌తోనే ధర దాదాపు రెండు రూపాయలు పైకి పోయింది.

అయితే అది చూసినవాళ్లు ఊరికే ఉండరు, అసలు విషయం ఇక్కడే ఉంది. మన ఆదోని యార్డులో రోజూ ఆచితూచి కొనే జిన్నింగ్ మిల్లు ఆయన ఒక పొద్దున వచ్చి కనపడిన ప్రతి పత్తి లాటూ కొనేస్తుంటే పక్క వ్యాపారులు ఏమనుకుంటారు? ఈయనకు ఏదో తెలిసింది అనుకుంటారు. ఆయన నోరు విప్పక్కర్లేదు, కొనడమే కబురు. షేర్లలోనూ అంతే. 1985లో లారెన్స్ గ్లోస్టెన్, పాల్ మిల్‌గ్రమ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని లెక్కకట్టి చూపించారు: ఎదుటివాడికి నాకు తెలియనిది తెలిసి ఉండొచ్చన్న భయంతోనే అమ్మేవాడు కొంచెం ఎక్కువ చెబుతాడు, కొనేవాడు కొంచెం తక్కువ చెబుతాడు, ఆ మధ్య ఎడమే స్ప్రెడ్. రోజుకు నాలుగు బేరాలు కూడా జరగని షేర్లలో ఆ ఎడం ఎంత పెద్దదో నువ్వే చూసుకో. అదే ఏడాది ఆల్బర్ట్ కైల్ అనే ఇంకో ఆర్థికవేత్త ఇంకో వైపు నుంచి చెప్పాడు. నిజంగా తెలిసినవాడు ఒక్కసారిగా కొనడు, మనలాంటి మామూలు జనం ఆర్డర్ల చాటున కొంచెం కొంచెంగా కొంటాడు, ఆ క్రమంలో అతనికి తెలిసినది మెల్లమెల్లగా ధరలోకి చేరిపోతుంది. నాకు ఇది ఎన్నిసార్లు తలచుకున్నా అద్భుతంగా అనిపిస్తుంది రా, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పకుండానే విషయం బయటికొచ్చేస్తుంది.

అందుకే ఆ టెలిగ్రామ్ టిప్పులంటే నాకు ఒళ్లు మండుతుంది. నువ్వు కొంటేనే ధర పెరుగుతుందని తెలిసినవాడు, ముందే కొని పెట్టుకుని, నీకు టిప్పు పంపి, నువ్వు కొట్టిన ఆర్డర్‌కే తన సరుకు అమ్ముకుంటాడు. వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల లెక్క) పెరిగింది చూడు అని వాడు చూపించేది నీలాంటి వాళ్ల కొనుగోళ్లే.

ఆప్షన్స్, అంటే షేర్ ధర ముందుముందు ఎటు పోతుందోనని కట్టే పందెం లాంటి ఒప్పందాలు, మొదలుపెడతానన్నావు, వద్దు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఆప్షన్స్, అలాంటివే అయిన ఫ్యూచర్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ లెక్క తేల్చింది. ఒక్క 2023-24లోనే సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలకు సుమారు 33,000 కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో ఇన్వెస్టర్లకు 28,000 కోట్లు లాభం, ఖర్చులు తీయకముందు. అందులో చాలా భాగం అల్గారిథమ్‌లు, అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు, చేసిన ట్రేడ్లదే. నీ ఫోన్‌లో బటన్ నొక్కినప్పుడు అవతల ఉన్నది వాళ్లే కావచ్చు. నువ్వు డ్యూటీ మధ్యలో, టీ తాగుతూ చూసుకునే ధరను వాళ్ల మెషీన్లు ఎప్పుడో చూసేసి ఉంటాయి.

ఇక ఆ చిన్న షేర్ అమ్మేయాలనుకుంటే తొమ్మిదింపావుకు మార్కెట్ తెరవగానే తొందరపడి కొట్టకు. యాప్‌లో మార్కెట్ డెప్త్ (ఏ ధరకు ఎన్ని ఆర్డర్లున్నాయో చూపే పట్టిక) తెరిచి, కొనేవాళ్ల వైపు ఐదు వరసల్లో ఎన్ని షేర్లకు ఆర్డర్లు ఉన్నాయో చూడు. నీ దగ్గరున్న వాటికంటే తక్కువుంటే ఇంతకంటే తక్కువకు అమ్మనని ధర చెప్పే లిమిట్ ఆర్డర్ పెట్టి, కొంచెం కొంచెంగా అమ్ము. ఒక రోజులో అవ్వకపోతే రెండు రోజులు పట్టనీ. స్క్రీన్‌షాట్ నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
శీను, ఆదోని