2025-26 వార్షిక నివేదిక: మన కాలనీలో ఎన్ని పొయ్యిలు?

గౌరవ సభ్యులకు నమస్కారం.

డ్రైనేజీ పూడికతీత, వీధి దీపాల అర్జీలు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక సంఘం గోడ మీద అంటించాం, చూసుకోండి. ఈసారి నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది మనం మొదలుపెట్టిన ఇంటింటి లెక్క గురించి.

ఎందుకు మొదలుపెట్టామో విజయవాడ సింగ్‌నగర్ వాసులకు వేరే చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇళ్లలోకి వచ్చాక, కింది అంతస్తు మునిగినవాళ్లకు 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు సాయం ప్రకటించారు. మన దగ్గర ఒకే డోర్ నంబరులో మూడు నాలుగు వాటాలుంటాయి. అద్దెకున్నవాళ్ల ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉంది, మునిగిన మంచాలూ బియ్యం బస్తాలూ మాత్రం ఇక్కడివి. అలా కొందరి పేర్లు జాబితాకెక్కలేదు. మీ కాలనీలో ఎన్ని కుటుంబాలున్నాయని అడిగితే మా దగ్గరా జవాబు లేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

అందుకే జనగణన వాళ్ల పద్ధతినే పట్టుకున్నాం. వేరే గుమ్మం ఉంటే వేరే ఇల్లు, వేరే పొయ్యి ఉంటే వేరే కుటుంబం. అన్నదమ్ములిద్దరూ ఒకే డాబాలో ఉన్నా, వంట వేరైతే రెండు కుటుంబాలుగా రాశాం. మేడ మీద ఒంటి గదిలో కలిసి వండుకునే కుర్రాళ్లు బంధువులు కాకపోయినా ఒక కుటుంబమే. ఇలా రాస్తే ఇంటి పన్ను పుస్తకంలో ఒక్కటిగా కనిపించే ఇల్లు మన పుస్తకంలో మూడైంది, నాలుగైంది.

ఆదాయం దగ్గర చిక్కుపడ్డాం. ఆటోనగర్‌లో పనిచేసే మెకానిక్‌ని, వన్‌టౌన్ బట్టల కొట్లలో మూటలు మోసే అన్నని నెల జీతం అడిగితే ఏం చెబుతారు? పని దొరికిన నెల ఒకటి, దొరకని నెల ఒకటి. పైగా పట్టణాల్లో బియ్యం కార్డుకు నెలకు 12 వేల ఆదాయ పరిమితి, నెలకు 300 యూనిట్ల కరెంటు పరిమితి పెట్టిన దగ్గర్నుంచి, కాగితం పట్టుకుని గుమ్మంలోకి ఎవరొచ్చినా జనం జంకుతున్నారు. ఒకే మీటరు మీద మూడు వాటాలు నడిచే ఇంట్లో ఆ భయం న్యాయమైనదే. అందుకని ఆదాయం ప్రశ్న కొట్టేశాం. నెలలో ఎన్ని రోజులు పని దొరికింది, అద్దె ఎంత, నీళ్లు లోపలా బయటా, మరుగుదొడ్డి సొంతమా ఉమ్మడా అని అడిగాం. జనగణనలోనూ ఇళ్ల జాబితా దశలో ఆదాయం అడగరు. గోడ, కప్పు, నీళ్లు, టీవీ, బండి అడుగుతారు. సంసారం ఎలా నడుస్తుందో వాటితోనే చాలావరకు తెలిసిపోతుంది.

ఊరి లెక్క కూడా ఒకసారి చూడండి. 2001లో విజయవాడ నగర జనాభా 8,51,282. 2011కి పది లక్షలు దాటింది, అదంతా 61.88 చదరపు కిలోమీటర్లలోనే. చుట్టుపక్కల ఊళ్లు కలిపితే 14,76,931. ఆ తర్వాత మళ్లీ లెక్క లేదు, 2021లో జరగాల్సింది ఆగిపోయింది. ఈలోగా రాజధాని వచ్చింది, జిల్లాలు విడిపోయాయి. గొల్లపూడి ఎన్టీఆర్ జిల్లా, పోరంకి కృష్ణా జిల్లా, వంతెన దాటితే తాడేపల్లి గుంటూరు జిల్లా. పొద్దున్నే పనికెళ్లే జనానికి మాత్రం ఇదంతా ఒకటే బెజవాడ. కొండవాలు మెట్ల మీద, కాల్వ కట్టల మీద, జక్కంపూడి ఫ్లాట్లలో ఇప్పుడెందరున్నారో 2011 అంకెలు చెప్పలేవు. ఆ పాత అంకెలతోనే నీళ్లు, రేషన్, పునరావాసం పంచితే కొత్తగా వచ్చినవాళ్లే నష్టపోతారు.

కొత్త జనగణనకు 2025 జూన్ 16న నోటిఫికేషన్ వచ్చింది. 2026లో ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. ఈసారి ఫోన్లో మనమే నింపుకునే వీలుంది. ఇంటి యజమానులకు నా మనవి ఒక్కటే: లెక్క రాసుకునే ఎన్యూమరేటర్ వస్తే పై వాటా, వెనక రేకుల గది దాచకండి. ఇది పన్ను లెక్క కాదు. జనగణనలో చెప్పిన వివరాలను పన్నుకు గానీ కేసుకు గానీ వాడకుండా 1948 నాటి చట్టం అడ్డుగా ఉంది.

మన పుస్తకంలో కట్ట పక్క రేకుల ఇళ్లు ఇంకా రాయాల్సి ఉంది. వాళ్లు పనికి పోయి చీకటి పడ్డాకే వస్తారు కాబట్టి రాత్రి ఏడు తర్వాత తిరగాలి. వీధికి ఇద్దరు కావాలి, అందులో ఒకరు ఆడవాళ్లైతే మేలు. పేర్లు ఆదివారం లోపు సంఘంలో ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి