మన మిత్రతో పాటు మొదటి పాఠమూ కావాలి: విద్య, ఐటీ శాఖల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్య, ఐటీ శాఖల మంత్రి గారికి,

నమస్కారములు.

2025 జనవరి 30న ప్రభుత్వ సేవలను వాట్సాప్‌లో అందించే ‘మన మిత్ర’ 161 సేవలతో మొదలైంది. అప్పటి నుంచి మన ప్రభుత్వం ప్రజలతో వాట్సాప్‌లో కూడా మాట్లాడుతోంది. ఒక ధ్రువపత్రం కోసం పని మానుకుని కార్యాలయం మెట్లెక్కే అవసరం తగ్గడం పేదలకు నిజమైన మేలు, అందుకు నా కృతజ్ఞతలు. అయితే ఆ మేలు వెంటే ఒక బాధ్యత కూడా ప్రభుత్వం మీద పడింది. ‘ప్రభుత్వం పేరుతో వాట్సాప్‌లో ఏది వచ్చినా నమ్మకండి’ అని ఒకప్పుడు ముసలివారికి ఒక్క మాటలో చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు అలా చెప్పడం కుదరదు. ప్రభుత్వ చిహ్నాన్ని ప్రొఫైల్ ఫొటోగా పెట్టుకుని వచ్చే మోసగాడికీ, అసలైన ప్రభుత్వ ఖాతాకూ తేడా పోల్చుకోవడం ఇక ప్రతి పౌరుడికీ తెలియాలి. అది నేర్పవలసింది ఎవరన్నదే నా ప్రశ్న.

మా ఊరి గ్రంథాలయంలో, కొత్తగా స్మార్ట్‌ఫోన్ చేతికొచ్చిన పెద్దలకు దాని వాడకం చెబుతుంటాను. వచ్చేవారిలో డ్వాక్రా సంఘాల మహిళలు, పింఛనుదారులే ఎక్కువ. వారికి హెచ్చరికలు తెలియవనుకుంటే పొరపాటు. ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అన్న మాట అందరికీ కంఠతా వచ్చు. కానీ వాట్సాప్ పంపే ఆరంకెల కోడ్ కూడా అలాంటిదేనని, ‘నా కోడ్ పొరపాటున మీ నంబరుకు వచ్చింది, కాస్త పంపండి’ అని సొంత మేనల్లుడి ఖాతా నుంచి అడిగినా ఇవ్వకూడదని, ఎందుకంటే ఆ ఖాతా అప్పటికే మరొకరి చేతిలో ఉండవచ్చునని వారికి ఎవరూ వివరించలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి సొంత పిన్ పెట్టుకుంటే, కోడ్ జారిపోయినా ఖాతా అంత తేలికగా పోదు. ‘లింక్‌డ్ డివైజెస్’ తెరిస్తే మన వాట్సాప్ ఇంకెక్కడ తెరిచి ఉందో కనిపిస్తుంది. రెండూ కలిపి పది నిమిషాల పని. పక్కన కూర్చుని ఒక్కసారి చేయిస్తే చాలు, తర్వాత వారే పొరుగింటి వారికి నేర్పుతున్నారు.

ఫేస్‌బుక్ విషయంలోనూ ఇంతే. ఖాతా తెరిచినవారిలో చాలామందికి తాము పెట్టిన ఫొటో ఎవరెవరికి కనిపిస్తుందో తెలియదు. పబ్లిక్‌గా ఉన్న పేరు, ఫొటో, స్నేహితుల జాబితా తీసుకుని మోసగాడు అచ్చం అలాంటి ఖాతానే తయారుచేస్తాడు. ఆ జాబితాలోని వారికే రిక్వెస్టులు పంపి, ఆసుపత్రి ఖర్చని చెప్పి డబ్బు అడుగుతాడు. స్నేహితుల జాబితాను దాచుకోవచ్చు. 2020లో ఫేస్‌బుక్ మన దేశంలో తెచ్చిన ప్రొఫైల్ లాక్‌తో ఫొటోలను పరిచయం లేనివారికి కనపడకుండా చేసుకోవచ్చు. ఇక పెళ్లి శుభలేఖ అనో, పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లున్నాయి. అది ఫొటో కాదు, పీడీఎఫ్ కాదు, ఫోన్‌లోకి దిగే ప్రోగ్రాం. దానికి అనుమతులిస్తే మన ఎస్సెమ్మెస్‌లను కూడా అదే చదువుకుంటుంది. కాబట్టి పేరు చివర ఏపీకే అని ఉంటే తెరవకూడదు. ఈ మాటను బొమ్మతో సహా చూపిస్తే అక్షరాలు అంతగా రానివారు కూడా గుర్తుపడుతున్నారు.

మంత్రి గారూ, నన్ను ఎక్కువగా బాధించేది ఆడవారి పరిస్థితి. తన ఫొటోను ఎవరో మార్చి పంపారని తెలిసిన అమ్మాయికి మొదట కలిగే భయం నేరగాడి గురించి కాదు, ఇంట్లో ఫోన్ లాక్కుంటారని. ఆ భయంతో ఆమె మెసేజ్‌లు చెరిపేస్తుంది, దాంతో సాక్ష్యమూ పోతుంది. స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలని ఆమెకు ముందే తెలియాలి. నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై జరిగే ఇలాంటి నేరాల గురించి పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చునని తెలియాలి. నగ్న చిత్రాలు, మార్ఫింగ్ చేసిన చిత్రాలపై బాధితులే ఫిర్యాదు చేస్తే తొలగించడానికి 2021 ఐటీ నిబంధనలు వచ్చినప్పుడే సోషల్ మీడియా సంస్థలకు 24 గంటలకు మించని గడువు పెట్టాయి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ము చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ దారులేవీ చెప్పకుండా కేవలం ప్రమాదాలను వర్ణించే ప్రచారం ఆడవారిని ఫోన్‌కు దూరం చేస్తుందే గానీ వారికి రక్షణ కాదు.

ఇందుకు కొత్త పథకం అక్కరలేదు. గ్రామ, వార్డు సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు, మహిళా పోలీసులు ఉన్నారు. సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ), మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాల సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఒక సమావేశాన్ని ఈ పాఠానికి కేటాయించి, ప్రతి సభ్యురాలి ఫోన్‌లో ఆమె చేతే సెట్టింగులు మార్పించమని కోరుతున్నాను. ఉపన్యాసం వద్దు, ఫోన్ ఆమె చేతిలోనే ఉండాలి.

విద్యాశాఖ కూడా మీదే కనుక మరొక మనవి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు జరిగిన తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం వంటి వేదిక మరొకటి దొరకదు. అలాంటి రోజున అరగంట సేపు పిల్లలు, తల్లులు కలిసి కూర్చుని ఇద్దరి ఖాతాలూ సరిచూసుకునేలా చేయండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల నిబంధనల ప్రకారం 13 ఏళ్లు నిండనివారు సొంతంగా ఖాతా తెరవకూడదు. పుట్టిన సంవత్సరం తప్పుగా ఇచ్చి తెరుస్తున్న పిల్లలకు, ఇన్‌స్టాగ్రామ్ 2024లో 18 ఏళ్లలోపు వారి కోసం తెచ్చిన టీన్ అకౌంట్ల రక్షణ దక్కకుండా పోవచ్చు. ఈ సంగతి తండ్రికీ తెలియడం లేదు, బిడ్డకూ తెలియడం లేదు.

చివరగా, ‘మన మిత్ర’ ద్వారానే ఈ పాఠాన్ని చిన్న చిన్న తెలుగు వీడియోలుగా అందించండి. ఆ సేవ అసలు నంబరు 95523 00009 అని ప్రతి సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ ఖాతా ఓటీపీ గానీ, బ్యాంకు పిన్ గానీ ఎప్పుడైనా అడుగుతుందో లేదో, ఏపీకే ఫైల్ ఎప్పుడైనా పంపుతుందో లేదో ప్రభుత్వం తరఫున స్పష్టంగా ప్రకటించండి. ఆ ప్రకటనను అచ్చుకు పంపే ముందు, ఇంగ్లిష్ రాని పది మంది పెద్దలకు చదివి వినిపించి, వారికి అర్థమైందో లేదో కనుక్కోండి.

భవదీయుడు,
ఒక గ్రంథాలయ కార్యకర్త