నీ బండి డిక్కీలోకి ఈ ఎర్ర సంచి

చిట్టీ,

ఈ ఉత్తరంతో పాటు తమ్ముడు నీకొక ఎర్ర సంచి ఇచ్చి ఉంటాడు. ఇది పూర్తిగా చదివాకే దాన్ని తెరువు.

మొన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పిన మాటలు నా చెవుల్లో ఇంకా తిరుగుతున్నాయి. గచ్చిబౌలి దగ్గర బండి మీద నుంచి పడిన అబ్బాయి చుట్టూ ఇరవై మంది చేరారని, అతని తొడ నుంచి రక్తం కారుతుంటే నువ్వు చున్నీ తీసి చేత పట్టుకుని కూడా ఏమి చేయాలో తోచక నిలబడిపోయావని చెప్పావు. "నర్సు కూతురినై ఉండి చేతులు ఆడలేదమ్మా" అని ఏడ్చావు. ఆ తప్పు నాది తల్లీ. ముప్పై ఏళ్లు క్యాజువాలిటీలో పనిచేశాను. టీటీ ఇంజక్షన్ వేయించుకోమని వెంటపడ్డాను, చీము పట్టకుండా చూసుకోమని పోరాను. కారే రక్తాన్ని ఎలా ఆపాలో మాత్రం నీ చేయి పట్టుకుని ఒక్కసారి కూడా చేయించలేదు.

అందుకే నిన్న పొద్దున్నే కోఠి వెళ్లి సర్జికల్ దుకాణాలన్నీ తిరిగాను. రక్తం ఆగేలా చేతికో కాలికో బిగించే టోర్నికెట్ కావాలంటే మొదటి దుకాణంలో రక్తపరీక్షకు జబ్బకు కట్టే సాగే పట్టీ తెచ్చి ఇచ్చారు. దానితో నరం తేలుతుంది గానీ తెగిన ధమని ఆగదు. మనకు కావలసింది వెడల్పాటి పట్టీ, దాన్ని మెలితిప్పడానికి గట్టి పుల్ల, తిప్పాక ఆ పుల్లను బిగించి పెట్టే కొక్కెం ఉన్నది. మూడో దుకాణంలో దొరికింది. పుల్లను నాలుగైదు సార్లు తిప్పి, వంగడం లేదని చూసుకున్నాకే కొన్నాను. నాసిరకం వాటిలో పుల్ల సరిగ్గా బిగించే సమయానికే విరిగిపోతుంది.

పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది దాదాపు 5 లీటర్ల రక్తం. అందులో 2 లీటర్లు పోయిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. తొడలో పెద్ద ధమని తెగితే ఆ మాత్రం పోవడానికి కొద్ది నిమిషాలు చాలు. 108 బండి ఎంత వేగంగా వచ్చినా ఆ కొద్ది నిమిషాలు పక్కన నిలబడినవాళ్ల చేతుల్లోనే ఉంటాయి. మన హైదరాబాద్‌లో ఆ సేవ మొదలైంది 2005 ఆగస్టు 15న. అంతకు ముందు ఆటోల్లో కాళ్లు ముడిచి కూర్చోబెట్టి తెచ్చిన మనుషులను ఎందరినో నేనే స్ట్రెచర్ మీదికి దించుకున్నాను.

వాళ్లలో ఇద్దరిని మరచిపోలేను. ఒకతనికి మోకాలి కింద తెగితే స్నేహితులు కరెంటు తీగతో బిగించి కట్టారు. తీగ సన్నం కాబట్టి చర్మంలోకి దిగింది. పైపై సిరలు మాత్రమే మూసుకుపోయాయి, లోపలి ధమని పారుతూనే ఉంది. లోపలికి వచ్చే రక్తం వస్తూ, వెనక్కి పోయే దారి మూసుకుపోతే గాయం నుంచి ఇంకా ఎక్కువ కారుతుంది. సగం బిగువుతో కట్టే కట్టు అసలు కట్టనిదానికంటే చేటు. రెండో అతనిని తెచ్చింది ఒక టీ కొట్టు కుర్రాడు. పదహారేళ్లు ఉంటాయేమో. మడిచిన తువ్వాలును గజ్జల దగ్గర గాయం మీద పెట్టి, దారి పొడవునా తన బరువంతా వేసి నొక్కుతూ వచ్చాడు. డాక్టరుగారు "ఇక తీయి బాబూ" అన్నా ఆ వేళ్లు విడివడలేదు, కొయ్యబారిపోయాయి. నేనే ఒక్కో వేలు పట్టుకుని మెల్లగా విప్పాను. ఆ మనిషి బతికాడు.

కాబట్టి సంచి దగ్గర లేకపోయినా నీకు ముందు గుర్తు రావలసింది నొక్కడం. నీ చున్నీ చాలు. ముందు గాయం ఎక్కడుందో కళ్లారా చూడు. ప్యాంటు పైనుంచి నొక్కితే ఎక్కడ నొక్కుతున్నామో తెలియదు. అందుకే సంచిలో మొన వంగి, మొద్దుగా ఉన్న కత్తెర పెట్టాను. జీన్సును కూడా కోస్తుంది, ఒంటికి గుచ్చుకోదు. గాయం మీద గాజ్ (కట్టు కట్టే పలచటి గుడ్డ) పెట్టి, మోచేతులు వంచకుండా, నీ ఒంటి బరువు పడేలా నొక్కు. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూడకు. గడియారం చూసుకుని 10 నిమిషాలు నొక్కు. గాజ్ తడిసిపోతే దాని మీదే ఇంకొకటి వేసి మరింత గట్టిగా నొక్కు. గజ్జలు, చంక లాంటి చోట గాయం లోతుగా ఉంటే గాజ్‌ను వేలితో అడుగు దాకా కూరి, నిండాక పైనుంచి నొక్కాలి. రొమ్ములోకి, పొట్టలోకి దిగిన గాయాల్లో మాత్రం ఏమీ కూరకూడదు.

చేతికో కాలికో అయిన గాయం నొక్కినా ఆగకుండా చిమ్ముతుంటే అప్పుడు టోర్నికెట్. గాయానికి నాలుగు వేళ్ల వెడల్పు పైన, గుండె వైపు కట్టు. మోకాలు, మోచేయి కీళ్ల మీద వేయకు. రక్తం ఆగేదాకా పుల్ల తిప్పు. అతను నొప్పితో అరుస్తాడు, తీసేయమని బతిమాలుతాడు. అప్పుడు నీ మనసు కరగకూడదు. కట్టిన సమయాన్ని సంచిలోని మార్కర్‌తో అతని నుదుటి మీదే రాయి. ఆసుపత్రికి చేరేదాకా వదులు చేయకు.

పై అరలో చేతి తొడుగులు నాలుగు జతలు, టోర్నికెట్, మార్కర్ ఉన్నాయి. టోర్నికెట్ ప్లాస్టిక్ కవరు నేనే చింపేశాను, రక్తం అంటిన చేతులతో అది చిరగదు. మధ్య అరలో గాజ్ చుట్టలు, మందపాటి ప్యాడ్లు, క్రేప్ బ్యాండేజీలు, చేయి వేలాడదీసి కట్టే త్రికోణపు గుడ్డ ఉన్నాయి. అడుగున రోజువారీ సరుకు: ప్లాస్టర్లు, బీటాడిన్, పారాసెటమాల్, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు. దూది పెట్టలేదు, దాని పోగులు గాయానికి అంటుకుపోతాయి.

అన్నట్టు, గాయంలో ఎవరైనా పసుపో కాఫీ పొడో వేయబోతే చేయి పట్టుకుని ఆపు. ఒకసారి ఆరేళ్ల పిల్ల అరచేతిలో గాజు దిగితే ఇంట్లోవాళ్లు కాఫీ పొడి పోసి గుప్పిట మూయించి తెచ్చారు. రక్తంతో కలిసి అది నల్లటి ముద్ద అయింది. సెలైన్ పోస్తూ రేణువు రేణువుగా తీస్తుంటే ఆ పిల్ల ఏడుపు వార్డంతా వినిపించింది. కాలిన చోట టూత్‌పేస్టు కూడా అంతే. 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి, ఐసు వద్దు. ఇక రోడ్డు మీద పడినవాడికి మనవాళ్లు ముందుగా చేసే పని నీళ్లు తాగించడం. వద్దని గట్టిగా చెప్పు. స్పృహ సరిగా లేనివాడికి ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి బాగానే ఆడుతుంటే హెల్మెట్ తీయకు. ఒంట్లో గుచ్చుకున్నదాన్ని పీకకు.

"పోలీసు కేసు అవుతుందేమోనని ఎవరూ ముందుకు రాలేదు" అన్నావు. ఆ భయం నీకు అక్కరలేదు. సాయం చేసేవాళ్లను కాపాడే మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016లోనే ఆమోదించింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టరు, పేరు చెప్పమని బలవంతం చేయరు. ఈసారి అక్కడ చేరినవాళ్లకు ఈ మాట నువ్వే గట్టిగా చెప్పి, ఒకరిని వేలుతో చూపించి "మీరు 108కి ఫోన్ చేయండి" అను. అందరికీ కలిపి చెబితే ఎవరూ చేయరు.

మన మే నెల ఎండకు డిక్కీలో ప్లాస్టర్ల జిగురు కరిగిపోతుంది, మందులు పాడవుతాయి. అందుకని ఉగాదికి ఒకసారి, దసరాకు ఆయుధ పూజ చేసి బండికి నిమ్మకాయలు కట్టేటప్పుడు ఒకసారి సంచి మొత్తం బయట పోసి చూడు. గడువు తీరినవి తీసేసి కొత్తవి పెట్టు.

నిజానికి టోర్నికెట్లు రెండు కొన్నాను. ఒకటి నా దగ్గరే ఉంది, అది సాధనకు. పదే పదే బిగించి విప్పినదాన్ని అవసరానికి నమ్మలేము, అందుకే వేరుగా ఉంచాను. ఆదివారం ఇంటికి రా. తమ్ముడి కాలికి కడుదువు గాని, నేను గడియారం పట్టుకుని కూర్చుంటాను. మొదటిసారి రెండు నిమిషాలు పట్టినా పరవాలేదు. అర నిమిషానికి వచ్చేదాకా చేయిస్తాను. తర్వాత లైటు ఆర్పేసి చేద్దాం. నువ్వు చెప్పిన ఆ చోట రాత్రిపూట దీపాలు వెలగవు కదా.

భోజనానికి గుత్తొంకాయ చేసి ఉంచుతాను.

మీ అమ్మ