ట్రాయ్‌కి (టెలికాం నియంత్రణ సంస్థకి) చెప్పుకోండి అని మీ కంప్లైంట్ సెంటర్ వాళ్ళు ఫోన్ పెట్టేశారు, అందుకే మీకు రాస్తున్నా

మొబైల్ కంపెనీ అప్పిలేట్ అథారిటీ (కస్టమర్ల అప్పీళ్ళు వినే అధికారి) గారికి,

నమస్కారం అండి. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక ఊరు, నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను, అమ్మానాన్న ఊళ్ళోనే ఉంటారు, ముగ్గురి సిమ్‌లూ మీ కంపెనీవే.

నెల రోజులుగా మా ఊరి టవర్ కరెంటు ఉంటేనే ఆడుతోంది, కరెంటు పోయిన పది నిమిషాలకి ఆగిపోతోంది. బ్యాటరీలు ఎప్పుడో పోయాయి, కొత్తవి రావట్లేదు అని చూడ్డానికొచ్చిన మీ కుర్రాడే చెప్పాడు. అమ్మ నాకు ఫోన్ చెయ్యాలంటే కొబ్బరి తోట దాటి చెరువు గట్టెక్కి ఒక గీత వచ్చేదాకా అటూ ఇటూ తిరగాలి, "ఒరే బాబూ, ఇనిపిస్తందా" అనేలోపే కట్ అయిపోద్ది. మాది ఉద్దానం అండి, ఇక్కడ కిడ్నీ జబ్బు ఎలా ఉందో మీకు వేరే చెప్పక్కర్లేదు. నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. పోయిన మంగళవారం టైం మారిందని చెప్పడానికి డయాలసిస్ సెంటర్ వాళ్ళు పొద్దున్నే నాలుగుసార్లు చేశారట, ఒక్కటీ కలవలేదు, నాన్న ఎప్పట్లాగే ఏడింటికి ఆటో ఎక్కి వెళ్ళి రెండింటిదాకా బెంచీ మీద కూర్చున్నారు, కాళ్ళు వాచిపోయున్న మనిషి.

మూడుసార్లు కంప్లైంట్ ఇచ్చాను, మూడుసార్లూ రెండో రోజుకే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్. నాలుగోసారి డాకెట్ నంబర్ (కంప్లైంట్ నమోదు నంబర్) ఇవ్వమంటే "ట్రాయ్‌కి చెప్పుకోండి సార్" అని పెట్టేశారు.

ట్రాయ్ 1997లో వచ్చింది రూల్స్ పెట్టడానికి, మీ సర్వీసు క్వాలిటీ చూడ్డానికి. ఒక్కో కస్టమర్ కంప్లైంట్ తీర్చే పని దానిది కాదు, ఆ పని మీమీదే పెట్టింది. 2012 రెగ్యులేషన్ ప్రకారం ముందు కంప్లైంట్ సెంటర్, ప్రతి కంప్లైంట్‌కీ డాకెట్ నంబర్, అక్కడ తేలకపోతే మీకు ఫీజు లేని అప్పీలు, దాన్ని మీరు 39 రోజుల్లో తేల్చాలి. అది మీ స్టాఫ్‌కి తెలీదంటే నమ్మను, తెలిసీ అలా అంటే ఊళ్ళో చదువు రాని ముసలాళ్ళు ఎవరికి చెప్పుకోవాలండి?

2024లో పెట్టిన రూల్ ప్రకారం జిల్లా స్థాయిలో 24 గంటలు దాటి సర్వీసు పోతే ప్రీపెయిడ్ వాళ్ళకి వ్యాలిడిటీ పెంచాలి. మాది ఒక్క ఊరే కాబట్టి అది వర్తించదు అంటారేమో, అయినా 28 రోజుల ప్యాక్‌కి డబ్బులు మొత్తం తీసుకుని అందులో సగం రోజులు సిగ్నల్ ఇవ్వకపోవడం ఏం న్యాయం? కాల్ డ్రాప్‌కి రూపాయి ఇమ్మని 2015లో ట్రాయ్ చెప్తే టెలికాం కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2016లో కొట్టేయించుకున్నాయి. ఆ రూపాయి మాకొద్దు, ఫోన్ కలిస్తే చాలు.

బ్యాటరీలు మార్చండి, ఆ మూడు కంప్లైంట్లు మళ్ళీ తెరవండి, ఈ అప్పీలుకి నంబర్ పంపండి, ముగ్గురి ప్యాక్‌లకీ పోయిన రోజులు కలపండి. కాకపోతే శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, టెలికాం కేసులు అక్కడ వినొచ్చని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది.

శుక్రవారం నాన్నకి మళ్ళీ డయాలసిస్ ఉంది, ఆ లోపు టవర్ ఆడాలండి.

ఇట్లు,
కవిటి మండలం నుంచి మీ కస్టమర్