పుట్టుకతో వినపడని పిల్లలకు ఒక్క ఈసీజీ తీయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

చిన్నపిల్లలకు వినపడేలా చెవిలో పరికరం పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ల గురించి మీ పేపర్లో అప్పుడప్పుడూ వచ్చే వార్తలు చదువుతుంటాను. మంచి వార్తలే, ఇంకా రావాలి కూడా. కానీ వాటిలో నాకెప్పుడూ కనపడని సంగతి ఒకటుంది, అది చెప్పడానికే ఈ ఉత్తరం. పుట్టుకతో వినికిడి లేని ప్రతి బిడ్డకూ, ఇంప్లాంట్ పెట్టినా పెట్టకపోయినా, ఒక్కసారి ఈసీజీ తీసి చూడాలి. చెవికీ గుండెకూ ఏం సంబంధం అంటారా? రెండు చోట్లా కణాల్లోంచి పొటాషియం పోవడానికి దారి ఒకటుంది, దాన్ని పొటాషియం ఛానెల్ అంటారు. అది పుట్టుకతోనే చెడిపోయిన పిల్లలకు చెవులు వినపడవు, పైగా పరుగెత్తినప్పుడో భయపడినప్పుడో గుండె లయ తప్పుతుంది.

నేను డాక్టర్ని కాదు, జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన వాణ్ని. డాక్టర్లు తప్పు పడితే సరిదిద్దుకుంటాను గానీ, విషయం మాత్రం పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

గుండె కండర కణం లోపల పొటాషియం లీటరుకు దాదాపు 140 మిల్లీమోల్స్ ఉంటుంది, బయట రక్తంలో 4 దరిదాపుల్లోనే. ఈ తేడా మీదే గుండె నడుస్తుంది. గుండె కొట్టుకునే ప్రతిసారీ ముందు సోడియం కణంలోకి దూసుకొస్తుంది, వెనకే కాల్షియం వస్తుంది, కండరం ముడుచుకుంటుంది. ఆ తర్వాత పొటాషియం ఛానెళ్లు తెరుచుకుని, పొటాషియం బయటికి పోతేనే కణం మళ్లీ మొదటికొచ్చి ఇంకోసారి కొట్టుకోవడానికి తయారవుతుంది. ఛానెల్ అంటే ఏమీ లేదు, కణం పొరలో ప్రోటీన్‌తో కట్టిన సన్నటి దారి. ఈ పని చేసేవాటిలో ముఖ్యమైనవి రెండు, హెర్గ్ అనేదొకటి, కేసీఎన్‌క్యూ1 అనేదొకటి. తీరిగ్గా కూర్చున్నప్పుడు ఎక్కువ బరువు హెర్గ్ మోస్తుంది, రెండోదాని అవసరం పరుగెత్తినప్పుడు తెలిసొస్తుంది.

పరుగెత్తినా, కోపమొచ్చినా, ఉలిక్కిపడినా అడ్రినలిన్ వస్తుందని అందరికీ తెలుసు. అది గుండె కణం లోపలికి పోదు, పొర మీద కబురందుకోవడానికి ఉండే బీటా రిసెప్టర్ అనే ప్రోటీన్‌కు తగులుకుంటుంది, అంతే. అక్కణ్ణుంచి కబురు లోపలికి పోయి, సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం తయారై, దానివల్ల మేల్కొన్న ఎంజైమ్ ఒకేసారి రెండు పనులు చేస్తుంది. కాల్షియాన్ని ఎక్కువ రానిస్తుంది, అందుకే గుండె గట్టిగా కొట్టుకుంటుంది. కేసీఎన్‌క్యూ1 ఛానెళ్లను ఎక్కువ తెరిపిస్తుంది, అందుకే కణం త్వరగా సర్దుకుంటుంది. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు గానీ, నిమిషానికి 150 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కోదానికీ దొరికేది 0.4 సెకన్లే, ఆ కాస్త టైములో ముడుచుకోవాలి, సర్దుకోవాలి, మళ్లీ రక్తం నింపుకోవాలి.

(నెమ్మదించేటప్పుడూ పొటాషియమే కావాలి. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెకు వచ్చే వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవం తీసి ఇంకో కప్ప గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. ఆ ద్రవంలో ఉన్నది ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. అది ఇంకో రకం రిసెప్టర్‌ను పట్టుకుని ఇంకో రకం పొటాషియం ఛానెల్‌ను తెరిపిస్తుంది. క్లాసులో ఈ ప్రయోగం చెబుతుంటే వెనక బెంచీ కూడా వినేది.)

ఇప్పుడు కేసీఎన్‌క్యూ1 చెడిపోయిన బిడ్డ సంగతి చూడండి. రిసెప్టర్ బాగానే ఉంది, అడ్రినలిన్ బాగానే వచ్చింది, కాల్షియం కూడా ఎక్కువ వచ్చింది. పొటాషియం మాత్రం బయటికి పోవాల్సినంత వేగంగా పోలేదు. కణం సర్దుకోవడం ఆలస్యమై గుండె కింది గదులు లయ తప్పి, రక్తం తోడకుండా వణకడం మొదలుపెడతాయి, మెదడుకు రక్తం అందదు, బిడ్డ నిలుచున్నచోటే పడిపోతుంది. చాలాసార్లు లయ దానంతటదే దారిలో పడి లేచి కూర్చుంటుంది. ఒక్కోసారి లేవదు.

చెవిలోనూ ఇదే ఛానెల్. లోపలి చెవిలో ఉండే ఒక ద్రవం నిండా పొటాషియమే, శబ్దాన్ని పట్టే రోమ కణాలకు అదే ఆధారం. ఆ పొటాషియాన్ని అక్కడికి చేరవేసే పని కేసీఎన్‌క్యూ1ది, దానికి తోడుండే కేసీఎన్ఈ1ది. అవి లేకపోతే ద్రవమే తయారవక వినికిడి మొదటినుంచీ ఉండదు. దీన్ని 1957లో నార్వేలో జెర్వెల్, లాంగె-నీల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు మొదట రాశారు. ఒకే ఇంట్లో ఆరుగురు పిల్లలు, నలుగురికి వినపడదు, ఆ నలుగురూ ఉన్నట్టుండి స్పృహ తప్పేవారు, వాళ్లలో ముగ్గురు చిన్నతనంలోనే హఠాత్తుగా చనిపోయారు. అమ్మానాన్నలకు వినికిడి మామూలే. చెడిపోయింది కేసీఎన్‌క్యూ1 అని 1997లో గానీ తెలియలేదు.

ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులూ బిడ్డకు రావాలి. మన రెండు రాష్ట్రాల్లో మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడాలు ఎంత మామూలో నేను చెప్పక్కర్లేదు. ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు, మా ఇంట్లోనూ ఉన్నాయి. కానీ ఒకే తాత నుంచో అమ్మమ్మ నుంచో వచ్చిన చెడ్డ జన్యువు రెండు వైపులనుంచీ ఒకే బిడ్డలో కలిసే అవకాశం ఇలాంటి ఇళ్లలోనే ఎక్కువ.

మాకు తెలిసినవాళ్ల అమ్మాయి ఒకతి ఇలాగే. మేనమామనే చేసుకుంది వాళ్లమ్మ. పాపకు పుట్టుకతో వినపడదు. స్కూల్లో ఖోఖో ఆడుతూ పడిపోయేది, కాళ్లూ చేతులూ కాసేపు కొట్టుకునేవి. చుట్టూ ఉన్నవాళ్లు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టేవాళ్లు, కాసేపటికి లేస్తే తాళాలు పనిచేశాయనుకునేవాళ్లు. తాయెత్తు కట్టించారు, తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్తే మూర్ఛ అని మాత్రలు రాశారు, ఏళ్ల తరబడి అవే మింగింది. పడినప్పుడల్లా ఆట మధ్యలోనే ఎందుకు పడుతోంది, నిద్రలో ఎందుకు రావడం లేదు అని అడిగినవాళ్లు లేరు. చివరికి ఇంకేదో పనిమీద వెళ్లినచోట ఒక డాక్టరమ్మ ఈసీజీ తీయించింది. ఇప్పుడు ప్రొప్రనలాల్ వాడుతోంది. బీటా రిసెప్టర్‌కు అడ్రినలిన్ తగలకుండా అడ్డుపడే మందు అది, 1960లలో జేమ్స్ బ్లాక్ బృందం తయారుచేసింది, ఆయనకు 1988లో నోబెల్ వచ్చింది. ఈ జబ్బులో మందు ఒక్కటే అందరికీ చాలదు, కొందరికి ఒంట్లో షాక్ ఇచ్చే పరికరం కూడా పెట్టాల్సి వస్తుంది. ఆ నిర్ణయం కార్డియాలజిస్టుది.

భయపెడుతున్నానని అనుకోవద్దు. పుట్టుకతో వినపడని పిల్లల్లో ఈ జబ్బు ఉండేది నూటికి ఒకరికంటే తక్కువే, మిగతా దాదాపు అందరి ఈసీజీ మామూలుగానే వస్తుంది. వంద మందిలో ఒకరు కూడా లేనిదానికి అందరికీ పరీక్ష ఎందుకని ఆఫీసర్లు అడగొచ్చు. ప్రైవేటు ల్యాబులో రెండు మూడు వందల రూపాయలయ్యే పరీక్ష అండీ ఇది, సూది గుచ్చేది లేదు, రక్తం తీసేది లేదు, పది నిమిషాల పని. లక్షల ఖరీదు చేసే పరికరాన్ని చెవిలో పెట్టడానికి వెనకాడని ప్రభుత్వం దీని దగ్గర లెక్కలు చూసుకోనక్కర్లేదు. పైగా ఇంప్లాంట్ పెట్టే పిల్లలకు మత్తుమందు ఇస్తారు, తర్వాత పరికరం ఆన్ చేసిన రోజు మొదటిసారి శబ్దం విని బిడ్డ బెదిరిపోవచ్చు. ఈ జబ్బున్న బిడ్డకు రెండూ ప్రమాదమే, ముందే తెలిస్తే జాగ్రత్తపడతారు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద స్కూళ్లకూ అంగన్‌వాడీలకూ డాక్టర్ల బృందాలు వెళుతున్నాయి, పుట్టు చెవుడు వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలోనే ఉంది. వినపడదని తేలిన ప్రతి బిడ్డ ఫైల్లోనూ ఒక ఈసీజీ ఉండాలని రెండు ప్రభుత్వాలూ ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. బధిరుల స్కూళ్లు, హాస్టళ్లలో ఇప్పటికే ఉన్న పిల్లలకూ తీయించాలి, ఎందుకంటే వాళ్లకు ముందెప్పుడూ ఈసీజీ తీసి ఉండకపోవచ్చు. జబ్బు బయటపడితే తల్లిదండ్రులకు, తోడబుట్టినవాళ్లకు కూడా తీయాలి. ఒక్క చెడ్డ జన్యువు ఉన్నవాళ్లకు చెవులు బాగానే వినపడతాయి గానీ, గుండె సమస్య కొంత ఉండొచ్చు.

ఇంకొకటి, ఇది మెడికల్ షాపుల వాళ్లకూ ఊళ్లలో వైద్యం చేసేవాళ్లకూ. మనం చీటీ లేకుండా కొనుక్కునే అజిత్రోమైసిన్, డోమ్‌పెరిడోన్, వాంతులకు ఇచ్చే ఒండాన్‌సెట్రాన్, ఇవన్నీ ఇందాక చెప్పిన ఇంకో ఛానెల్ హెర్గ్‌ను కొంత మూయగలవు. మామూలు పిల్లల్లో ఏమీ కాకపోవచ్చు. ఒక ఛానెల్ పుట్టుకతోనే లేని బిడ్డకు రెండోదీ మూసేస్తే ఇంకేం మిగిలింది? వాంతులూ విరేచనాలతో ఒంట్లో పొటాషియం పడిపోయిన రోజున అయితే మరీనూ.

తల్లిదండ్రులకు చెప్పేది కూడా కాస్త వేయండి. ఈసీజీ తీయించినప్పుడు "గుండె బాగుంది" అనే మాటతో తిరిగి రాకుండా క్యూటీసీ ఎంతుందని అడగాలి, అంటే గుండె ఒకసారి ముడుచుకుని మళ్లీ సర్దుకోవడానికి పట్టే టైమును గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన అంకె. ఈ రోజుల్లో చాలా మెషీన్లు ఆ అంకె కాగితం పైనే కొట్టి ఇస్తాయి. పిల్లల్లో 440 మిల్లీసెకన్ల లోపుంటే మామూలు, 460 దాటితే కార్డియాలజిస్టుకు చూపించాలి, ఈ జబ్బులో తరచూ 500 దాటేస్తుంది. మెషీన్ లెక్క ఒక్కోసారి తప్పుతుంది కాబట్టి డాక్టరును స్కేలు పెట్టి చూడమనాలి. గులాబీ కాగితం మీద చిన్న గడి ఒక్కోటి 40 మిల్లీసెకన్లు, లెక్క కష్టమేమీ కాదు. ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, అందుకని ఆ రోజే జిరాక్స్ తీయించి బిడ్డ వినికిడి పరీక్షల ఫైల్లోనే పెట్టుకోమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, ఖమ్మం