బ్యాటరీ అక్కర్లేదు అని హెడ్డింగ్ పెట్టేముందు

ఎడిటర్ గారికి నమస్కారం,

కరెంట్ ఇవ్వకుండానే పనిచేసే నానో లైట్ సెన్సర్ల గురించి ఈమధ్య పేపర్లలో వార్తలు బాగానే వస్తున్నాయి, సంతోషమే, కానీ హెడ్డింగులు చూస్తే రేపట్నుంచి ఫోన్‌లో వాచ్‌లో బ్యాటరీ పీకి అవతల పారేయొచ్చు అన్నట్టు ఉంటున్నాయి. అంత సీన్ లేదండి.

ఈ సెన్సర్లలో వాడే మాలిబ్డినం డైసల్ఫైడ్, టంగ్‌స్టన్ డైసెలెనైడ్ లాంటి పదార్థాలు పొరలు పొరలుగా ఉంటాయి, పొరకీ పొరకీ మధ్య పట్టు చాలా వీక్, టేప్ అంటించి లాగితే ఊడొచ్చేస్తాయి (2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ అనే శాస్త్రవేత్తలు గ్రాఫైట్ నుంచి గ్రాఫీన్ అనే ఒంటి పొర తీసింది ఇలాగే, 2010లో నోబెల్ వచ్చింది). మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒక్క పొర మందం సుమారు 0.65 నానోమీటర్లు. ఇలాంటి రెండు వేర్వేరు పదార్థాల్ని ఒకదాని మీద ఒకటి పెడితే అవి కలిసే చోట దానంతటదే ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఏర్పడుతుంది, వెలుతురు పడగానే పుట్టిన ఎలక్ట్రాన్‌ని ఒక పక్కకి, హోల్‌ని (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) ఇంకో పక్కకి లాగేస్తుంది, బయట్నుంచి వోల్టేజ్ పెట్టకుండానే కరెంట్ వచ్చేస్తుంది. వోల్టేజ్ లేదు కాబట్టి చీకట్లో లీకయ్యే కరెంట్ కూడా బాగా తక్కువ, నన్నడిగితే అసలు లాభం ఇదే, దీని గురించి మాత్రం ఒక్క ముక్క కూడా రాయరు.

అన్నట్టు వెలుతురుని కరెంట్‌గా మార్చే మామూలు సిలికాన్ ఫోటోడయోడ్ కూడా జీరో వోల్టేజ్‌లో ఎప్పట్నుంచో పనిచేస్తూనే ఉంది. ఈ నానో సెన్సర్ల స్పెషాలిటీ అంత పల్చగా ఉండటం, వంగే ప్లాస్టిక్ మీద కూడా అతికించగలగటం.

ఇక బ్యాటరీ సంగతి. ఒక ఫోటాన్‌కి (కాంతి కణానికి) ఒక ఎలక్ట్రాన్ చొప్పున లెక్కేస్తే, 650 నానోమీటర్ల ఎర్ర కాంతి ఒక మైక్రోవాట్ పడినప్పుడు వచ్చేది మహా అయితే 0.52 మైక్రోఆంపియర్, అది కూడా పడ్డ కాంతినంతా పీల్చుకుంటేనే, ఒక్క పరమాణువు మందం గ్రాఫీన్ అయితే పీల్చేది 2.3 శాతమే. ఆ సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్‌కి, అంకెల్లోకి మార్చే చిప్‌కి కరెంట్ ఎవరిస్తారు? బ్లూటూత్‌లో పంపాలంటే ఆ కాసేపూ మిల్లీఆంపియర్లలో కావాలి, అంటే వేల రెట్లు ఎక్కువ. సెన్సర్ తన వంతు కరెంట్ తను తెచ్చుకుంటుంది, మిగతా సర్క్యూట్ అంతా బ్యాటరీ మీదే.

కాబట్టి మీ రిపోర్టర్లకి నా రిక్వెస్ట్ ఏంటంటే ప్రెస్ నోట్ వచ్చింది వచ్చినట్టు వేసేయకుండా ఆ ల్యాబ్ వాళ్లకి ఒక ఫోన్ చేయండి. ఏ వేవ్‌లెంగ్త్‌లో కొలిచారు, శాంపిల్ ఎంత సైజు, "వంద రెట్లు మెరుగు" అంటే దేనికంటే, మామూలు గాలిలో పెడితే ఎన్నాళ్లు నిలిచింది (బ్లాక్ ఫాస్ఫరస్ లాంటివి గాలి తగిలితే పాడైపోతాయి) అని అడగండి. టేప్‌తో లాగిన ముక్క సాధారణంగా మైక్రోమీటర్లలోనే ఉంటుంది, పెద్ద వేఫర్ (చిప్‌లు తయారుచేసే పలక) మీద పొర ఒకేలా రప్పించటం ఇంకా కష్టమైన పనే, ఈ మాట కూడా వార్తలో ఒక లైన్ రాస్తే బాగుంటుంది, ఎందుకంటే ఈ రీసెర్చ్‌లో చాలా భాగం నడిచేది జనం కట్టిన ట్యాక్స్ డబ్బుతోనే కదా.

ఇట్లు
మీ పాఠకుడు