శనివారం సాధన తరగతి: మైన్‌క్రాఫ్ట్‌లో రసాయన శాస్త్రం

రసాయన శాస్త్రం బోధించే ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

ఈ శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మన పాఠశాల సమావేశ మందిరంలో మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్‌పై (మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటకు బడి పాఠాల కోసం చేసిన రూపం) సాధన తరగతి జరుగుతుంది. ఆటలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు రెండేసి చొప్పున అమర్చి హీలియం తయారుచేయడం, దానికి కార్బన్, హైడ్రోజన్‌లతో చేసిన లేటెక్స్‌ను, రంగును, తాడును జోడించి గాలిలో తేలే బెలూన్‌ను రప్పించడం ఎవరికి వారే చేసి చూస్తారు. పరమాణు నిర్మాణం చెప్పడానికి నల్లబల్ల మీది వలయాలకన్నా ఇదే మేలని నా అభిప్రాయం. అయితే అసలు చర్యలోని వేడి, వాసన ఇందులో తెలియవు కనుక పరీక్షనాళికలను అటకెక్కించకండి.

శుక్రవారం రాత్రికల్లా మీ ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకుని, పాఠశాల ఇచ్చిన ఐడీతో ఒకసారి లాగిన్ అయి చూసుకోండి. టచ్‌ప్యాడ్‌తో ఆడడం కష్టం, కనుక మౌస్ మరవకండి. రాలేనివారు గురువారంలోగా ఇక్కడే తెలియజేయగలరు.